ఎలుగుబంటి దగ్గర ఒడియా

నలభై ఏడేళ్ళొచ్చాక
నాకు మళ్ళీ అక్షరాభ్యాసం చేసింది
గొడుగేసుకు తిరిగే ఒక ఎలుగుబంటి.

మోహన బస్టాండు వెనక రేకుల షెడ్డు నాది.
కాలిపోయిన మోటార్లకి రాగితీగ చుట్టడం పని.
పాతపట్నంలో అయితే "ఏటైంది బాబూ" అంటే చాలు,
మోటారు కథంతా మోటారు కన్నా ముందే దిగిపోయేది.
ఇక్కడ పంపు భుజానేసుకొచ్చిన రైతు
దాని రోగం ఒడియాలో చెప్పుకుంటుంటే
నేను పంపు ముఖంకేసి చూసేవాణ్ణి.

ఇంటివాళ్ళ టీవీ బాగుచెయ్యబోయి
ఝిలి పక్కన చతికిలబడ్డాను, ఓ సాయంత్రం నాలుక్కి.
ఆరేళ్ళ పిల్ల. ఒళ్ళో ముఢి గిన్నె,
మనం బొరుగులంటామే, అవి.
"భాలు," అంది తెర చూపించి.
భాలు, అన్నాను.
"ఠెకువా."
టెకువా, అన్నాను.
అలా కాదు, ఠ, ఠ, అంటూ
నా మోకాలి మీద చెంచాతో కొట్టింది.
మాకూ ఉందమ్మా ఆ ఠ, బళ్ళో దిద్దించారు,
వాడక తుప్పు పట్టింది.

పెద్దల వార్తలు రేకు మీద వానలా
మోత తప్ప చుక్క నిలవదు.
ఎలుగు మాత్రం ప్రతి మాటా మూడుసార్లంటుంది.
పడిపోతే "పడిపోయాను" అంటుంది,
తేనె తాగుతూ "తేనె తాగుతున్నాను" అంటుంది.
చేసేదే చెప్పే వాళ్ళు
మనుషుల్లో నాకింతవరకు తగల్లేదు.

చందమామ అక్కడా మామే. జహ్నమాము.
ఆ రాత్రి షెడ్డు ముందు నులకమంచం వాల్చుకుని
కొత్త చుట్టరికంతో పిలిచి చూశాను.
పలకలేదు గానీ
ముఖం తిప్పుకోనూ లేదు.

అయితే ఆ చదువుకి చిల్లులున్నాయి.
ఎలుక్కి అంకెలు ఇరవై దాకానే వచ్చు.
వైండింగు కూలి పదకొండొందలు:
వేళ్ళు విప్పి, మూసి, మళ్ళీ విప్పి
ఆఖరికి సుద్దతో గోడమీద రాసిస్తాను.
కరెంటాఫీసులో, కుర్చీ లోంచి లేస్తున్న ఇంజినీరుని
"తూ కౌఠికి జాఉఛు?" అని అడిగేశాను,
ఠెకువా భాలుని అడిగినంత ముద్దుగా.
ఫ్యాను తప్ప గదిలో అన్నీ ఆగిపోయాయి.
తూ అంటే ఏరా అనిట. ఆపణ అనాలిట.
మా అడవిలో ఎవరికెవరూ ఆపణ కారు,
ఆ సంగతి ఆయనకెలా చెప్పను?
నా కాగితం పద్దెనిమిది రోజులు కదల్లేదు.
ఇరవై లోపే గనక
ఒడియాలోనే లెక్కపెట్టుకున్నాను.

ఇంకో చిల్లు శ్రావణంలో బయటపడింది.
అక్కడ ఎవరూ చచ్చిపోరు.
కొండమీంచి పడ్డ ఎలుగు
అప్పడమంత పల్చనై, ఒళ్ళు దులుపుకుని లేస్తుంది.
ఝిలి నాయనమ్మ లేవలేదు.

వరండా నిండా చుట్టాలు.
వచ్చినవాళ్ళంతా అదే మాటేదో అని కూర్చుంటున్నారు,
ఆ ఒక్క మాట నాకెవరూ నేర్పలేదు.
ముసలావిణ్ణి పిల్ల జేజెమా అనేది.
జేజె అంటే మాకు దేవుడు,
చంటిపిల్ల చేతులు జోడించి దణ్ణం పెట్టించే మాట.
ఇన్నాళ్ళూ ఆ తికమకకి నాలో నేను నవ్వుకునేవాణ్ణి.
ఆ పొద్దున తప్పు ఎవరి భాషలో ఉందో
తేల్చుకోలేకపోయాను.

టీవీ మీద తువ్వాలు కప్పారు.
దాని ముందే కూర్చునుంది ఝిలి,
ఎప్పుడూ కూర్చునే చోట,
ఎవరి కంటా పడకుండా.
పక్కన చతికిలబడి నా మూటంతా కెలికాను:
గొడుగు, తేనె, దొంగ ఎలక, పరిగెత్తు, పడిపోయాను.
అడుగున ఒకటి చేతికి తగిలింది.
"భొక లాగుఛి కి?"
ఆకలేస్తోందా.

తలూపింది.
ఆ ఇంట పొయ్యి రాజెయ్యలేదు ఆ రోజు.
చెప్పులేసుకుని బస్టాండు కొట్టుకి నడిచాను.
ముఢి, దశ టంకా, అన్నాను.
పదే కదా.